కారు కింద తేలు

సమ్మయ్య తన చేత్తో బిగించినదాన్ని విప్పగల మనిషి చంద్రపూర్ బాబుపేటలోని ఆ గల్లీలో ఇంతవరకూ పుట్టలేదు. సమ్మయ్య దీన్ని పొగడ్త అనుకుంటాడు. ఆయన భార్య జయకు మాత్రం ఇది ముప్పై ఆరేళ్ల కష్టం. పచ్చడి సీసాకు ఆయన మూత పెట్టాడంటే ఆ పచ్చడి మీద ఇక ఆశ వదులుకోవలసిందే. నల్లా ఆయన కట్టేస్తే తిప్పడానికి మళ్లీ ఆయనే రావాలి. కోడలు ఉజ్వల వరోరా పిల్ల, మరాఠీ వాళ్ల అమ్మాయి. తెలుగు ఈ ఇంటికి వచ్చాకే నేర్చుకుంది. మాటలు పట్టుబడ్డ కొత్తలో నీళ్ల ఫిల్టరు మూతతో కుస్తీ పట్టి, ఎర్రబడ్డ అరచేతులు చూపిస్తూ, "అత్తమ్మా, కంపెనీవాళ్లే గిట్ల చేస్తరా?" అని అడిగింది.

"కంపెనీ గాదు బిడ్డా, మీ మామ" అంది జయ.

తప్పు సమ్మయ్యది కాదు, ఆయన చేసిన కొలువుది. బొగ్గు గనిలో ముప్పై మూడేళ్లు డంపర్లకు ఫిట్టరుగా చేశాడు. డంపర్ అంటే ఏమిటో చూడనివాళ్లకు చెప్పాలి. దాని చక్రం పక్కన నిలబడితే సమ్మయ్య తల చక్రం సగానికి వచ్చేది. నట్టు ఒక్కొక్కటి చెంబంత ఉండేది. పానాకు నాలుగడుగుల గొట్టం తొడిగి ఇద్దరు దాని మీద వేలాడితే గాని అది కదలదు. కొలువులో చేరిన కొత్తలో లక్ష్మయ్య అనే పాత ఫిట్టరు ఆయనకు పని నేర్పాడు. "బిగించినంక ఇంకో పట్టు పట్టాలెరా సమ్మయ్యా. ఆ ఇంకో పట్టే మనిషిని తిరిగి ఇంటికి తోలుతది" అనేవాడు. సమ్మయ్య ఆ మాటను మంత్రంలా పట్టుకున్నాడు. ఆయన చేయి పడ్డ డంపరు నుంచి ఒక్క నట్టు ఊడలేదు, ఒక్క చుక్క నూనె కారలేదు. రిటైరైన రోజు దండ వేసి పెద్దసారు చెప్పింది కూడా ఇదే. ఆ దండను తగిలించడానికి ఇంట్లో మేకు కొట్టాడు. మేకుకు కూడా ఇంకో దెబ్బ వేశాడు. గోడ పెచ్చు ఊడి జయ కాళ్ల దగ్గర పడింది.

ఆయన ఇరవై రెండేళ్ల వయసులో మంథని దిక్కు నుంచి మేనమామ వెంట చంద్రపూర్ వచ్చినవాడు. గనిలో కొలువు దొరికేదాకా సైకిలు దుకాణంలో పంక్చర్లు వేశాడు. జయది లక్కడ్‌కోట్, ఆ జిల్లాలోనే ఒక పల్లె, తరతరాలుగా అక్కడే సేద్యం చేసుకుంటున్న ఇల్లు. గని సమ్మయ్యకు హిందీ నేర్పింది, అందులోనూ తిట్లు బాగా నేర్పింది. మరాఠీ మాత్రం జయ సొత్తు. గోల్ బజార్‌లో దుకాణం ముందు ఆమె బేరం మొదలుపెట్టిందంటే సమ్మయ్య సంచి పట్టుకుని, పరాయి ఊరి చుట్టంలా పక్కన నిలబడేవాడు.

రిటైరైన మొదటి నెలలో ఆయన ఇంటి మీద పడ్డాడు. మిక్సీ విప్పాడు, ఫ్యాను విప్పాడు, ఉజ్వల కుట్టుమిషను విప్పాడు. పాడైనవి బాగుపడ్డాయి గాని, బాగున్నవి ఎందుకో పాడయ్యాయి. రెండో నెలలో వంటింట్లోకి వచ్చాడు. పోపు డబ్బాలను పానాల పెట్టెలో సర్దినట్టు చిన్నదాని పక్కన పెద్దదిగా వరసపెట్టాడు. ఆ వారమంతా జయ జీలకర్ర అనుకుని వాము వేసింది. మూడో నెలలో ఆమె గట్టిగా కసిరింది. అప్పటినుంచి సమ్మయ్య ముందుగదిలో కుర్చీ వేసుకుని, బనీనుతోనే కూచుని, గోడను చూడడం మొదలుపెట్టాడు. అన్నానికి పిలిస్తే మూడో పిలుపుకు పలికేవాడు. కసిరినందుకు జయ మనసు పీకింది గాని, ఆ మాట ఆయనతో అనలేదు. అంటే ఆయన మళ్లీ డబ్బాల దగ్గరకు వస్తాడేమోనని కూడా ఆమె భయం.

అలాంటి రోజుల్లో కారు వచ్చింది.

చాలా ఏళ్ల కిందట గనిలో ఒక ఇంజినీరుసారు ఉండేవాడు. ఆయనకు రెండు సీట్ల ఎర్ర కారు ఒకటి ఉండేది. మోకాలికి కాస్త పైగా ఎత్తు, వెనక్కి మడతపడే పైకప్పు. ఆ బొగ్గు దుమ్ములో అలాంటి బండి తిప్పడం పట్టుచీర కట్టుకుని నాట్లు వేయడం లాంటిదే. ఒకరోజు దాని క్లచ్ తీగ తెగితే సమ్మయ్య మధ్యాహ్నం అన్నం మానేసి బాగుచేశాడు. సారు సంతోషపడి ఆయన్ని పక్కన కూచోబెట్టుకుని గని గేటు నుంచి పెద్ద రోడ్డు దాకా తీసుకెళ్లాడు. రెండు కిలోమీటర్లు. తల మీద ఆకాశం తప్ప ఏమీ లేదు, చొక్కా నిండా గాలి. డంపర్ల కింద వెల్లకిలా పడుకుని బతికే మనిషికి, బండి అంటే ఇలా కూడా ఉంటుందని ఆ రోజే తెలిసింది. తర్వాత సారుకు బదిలీ అయ్యింది, కారు గెస్టుహౌసు వెనక టార్పాలిన్ కింద మిగిలిపోయింది. రిటైరైన ఆరో నెలలో, సారు కొడుకు దాన్ని తుక్కుకు వేస్తున్నాడని సమ్మయ్యకు కబురు అందింది. సమ్మయ్య కుర్చీలోంచి లేచాడు.

ట్రాక్టరుకు తాడు కట్టి కారును గల్లీలోకి ఈడ్చుకొచ్చాడు. నాలుగు టైర్లూ నేలకు కరుచుకుపోయి ఉన్నాయి. ఒక సీటులో పిల్లి ఈని వెళ్లిన ఆనవాళ్లున్నాయి. జయ గుమ్మంలో నిలబడి పైనుంచి కిందికి చూసింది. అది అట్టే ఎత్తు లేదు కాబట్టి చూపు త్వరగానే అయిపోయింది.

"ఇద్దరు పట్టె కారేందయ్యా? కొడుకు, కోడలు ఏడ కూసోవాలె?"

"వాళ్లకు స్కూటీ ఉన్నది గద" అన్నాడు సమ్మయ్య.

ఆ రోజు నుంచి ఇంట్లో కుర్చీ ఖాళీ అయ్యింది. ఈ ఇంజిన్ మీద తన చేయి తప్ప మరో చేయి పడకూడదని సమ్మయ్య శపథం. ఎవరైనా మెకానిక్కు పేరు ఎత్తితే, "డంపర్లు సూసిన చెయ్యి ఇది. నేను పోయి ఇంకొగని ముంగట నిలవడాల్నా?" అనేవాడు. నిజానికి ఆ చేతికే ఇబ్బందిగా ఉంది. ఇంజిన్ నాలుగు గిన్నెల టిఫిన్ డబ్బా అంత ఉంది, సమ్మయ్య వేళ్లు అరటికాయల్లా ఉన్నాయి. నట్టు పట్టుకుంటే చేతిలో ఉందో లేదో తెలిసేది కాదు. లోపల పడ్డ నట్లు తీయడానికి జయ పట్టకారు వెళ్లింది. పెట్రోలు వడకట్టడానికి టీ జాలీ వెళ్లింది. ఉజ్వల పళ్లు తోముకునే బ్రష్షు కార్బురేటర్ తోమడానికి వెళ్లింది. అది పాతదనుకున్నానని మామ, కాదని కోడలు. ఈ దొంగతనాలన్నీ జయ చూస్తూనే ఉంది. చూస్తూ ఊరుకుంది. ఎందుకంటే ఆయన పని చేస్తూ పాడుతున్నాడు, రాగం లేకపోయినా పాడుతున్నాడు, అన్నానికి మొదటి పిలుపుకే పలుకుతున్నాడు.

నలభయ్యో రోజున ఇంజిన్ దగ్గింది, చీదింది, చివరికి పలికింది. గల్లీ అంతా నల్లని పొగ కమ్మింది. పక్కింటి ఎల్లమ్మ ఆరేసిన తెల్లచీర తీసి మళ్లీ నానబెట్టుకుంటూ తిట్టింది, తిడుతూనే నవ్వింది. కొడుకు సచిన్ పవర్ హౌసులో రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్నవాడు, ఉలిక్కిపడి లేచి బయటికి వచ్చి, తండ్రి ముఖం చూసి తిరిగి లోపలికి వెళ్లాడు.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. కొత్త ఇంజిన్ నూనె పోయాలని సమ్మయ్య పాతది దించాడు. ఇంజిన్ అడుగున నూనె నిలిచే గిన్నె ఉంటుంది, మెకానిక్కులు దాన్ని చాంబర్ అంటారు. దానికి అడుగున వేలంత నట్టు. పాత నూనె దిగాక నట్టు తిరిగి పెట్టాడు, బిగించాడు. సరిపోయింది. చేయి తీయబోయాడు. అప్పుడు ముప్పై మూడేళ్ల మంత్రం చెవిలో పలికింది. ఇంకో పట్టు పట్టాడు.

నట్టు హాయిగా తిరిగింది. ఇంకాస్త తిప్పితే ఇంకా హాయిగా తిరిగింది. లోపలి మరలు అరిగిపోయాయని ఆయన చేతికి అప్పుడే తెలిసిపోయింది. కారు కింద వెల్లకిలా పడుకునే సమ్మయ్య నట్టును బొటనవేలితో అదిమి పట్టాడు. కొలువులో ఒక్క చుక్క కారనివ్వని మనిషి ముక్కు మీద, మొదటి చుక్క పడింది.

టేపు చుట్టి నట్టు పెట్టి, కొత్త నూనె పోశాడు. చుక్కలు ఆగలేదు, తగ్గాయి. తగ్గడం వేరు, ఆగడం వేరు. జయ వాకిట్లో కొత్తగా వేయించుకున్న లేత పసుపు బండల మీద మొదటి మరక పడింది. "ఏసీ నీళ్లు" అన్నాడు సమ్మయ్య. పైకప్పు మడతపడే కారుకు ఏసీ ఎక్కడిదని జయ అడగలేదు. రెండో మరక ముగ్గు మధ్యలో పడింది. మూడోదాని మీద కాలేసి ఆమె జారి, గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. ఆ కోపంలో గల్లీ అందరూ వింటుండగా ఒక మాట అనేసింది. పాత సామాను కొనే ప్రమోద్ సరిగ్గా ఆ సమయానికే తోపుడు బండితో వచ్చాడు.

"ప్రమోద్ భావూ, నువ్వే సాక్షి. నా వాకిట్ల ఇంకొక్క నూనె సుక్క వడ్డదా, ఈ కారు నీ భంగార్ల కలిసిపోతది. ఇది జయ మాట!"

జయ మాట అంటే గల్లీలో అందరికీ తెలుసు. ఒకసారి తోడికోడలితో ఏడాది మాట్లాడనని అని, ఏడాది నిండేదాకా పక్కనే కూచుని పెళ్లి భోజనం చేస్తూ కూడా మాట్లాడలేదు. ఇక ప్రమోద్‌కు ప్రతిరోజూ ఆ ఇంటి ముందే పని తగిలింది. తోపుడు బండి ఆపేవాడు, చెప్పులో రాయి పడ్డట్టు వంగేవాడు, కారు కిందికి ఒక చూపు చూసి లేచేవాడు. సమ్మయ్యకు ఆ వంగడం గిట్టేది కాదు. పెళ్లికాని పిల్లను చూసినట్టు చూస్తాడేమిటి నా కారును, అనుకునేవాడు.

కారు కింద రహస్యంగా ఒక స్టీలు తాంబాళం పెట్టాడు. పొద్దున్నే లేచి దాన్ని ఖాళీ చేసి, తుడిచి, మళ్లీ పెట్టేవాడు. ఇంకోవైపు స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్లి గుట్టుగా అడిగాడు. దుకాణంవాడు నట్టు చూసి నవ్వాడు. "చూడీ పోయింది కాకా." మెకానిక్కులు మరలను చూడీ అంటారు, చేతికి వేసుకునే గాజుల మాటే అది. "ఒక సైజు పెద్ద నట్టు ఇస్త. అదే చూడీ కోసుకుంట ఎక్కుతది. కని సుతారంగ బిగియ్యాలె. ఈసారి గూడ డంపర్ లెక్క పట్టినవనుకో, చాంబర్ పగులుతది." సమ్మయ్య ఆ నట్టును జేబులో వేసుకుని నాలుగు రోజులు తిరిగాడు. రోజూ కారు కిందికి దూరేవాడు, నట్టును చేతిలోకి తీసుకునేవాడు, మళ్లీ జేబులో వేసుకుని బయటికి వచ్చేవాడు. జీవితంలో మొదటిసారి ఆయనకు తన చేతి మీద నమ్మకం పోయింది. అది ఎవరితో చెప్పుకునే బాధ?

పైగా శుక్రవారం లక్కడ్‌కోట్‌లో జయ తమ్ముడు తిరుమల కొత్తింట్లో పాలు పొంగిస్తున్నాడు. కారులోనే తీసుకుపోతానని జయకు మాటిచ్చి ఉన్నాడు.

బుధవారం పొద్దున సమ్మయ్య పెరట్లో అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. ఒక చెంప అయ్యింది, రెండో చెంపన సబ్బు నురగ ఉంది. ఉజ్వల వాకిలి ఊడుస్తూ కారు కింద ఉన్న తాంబాళం చూసి, అత్తమ్మ మర్చిపోయిందనుకుని, తీసుకెళ్లి తోమి బోర్లించింది. మంచిపిల్ల. పావుగంట తర్వాత మళ్లీ వాకిట్లోకి వచ్చి కెవ్వుమంది.

"అత్తమ్మా! లౌకర్ యా! గాడి కింద తేల్! ఎంత తేల్!"

కంగారు పుడితే ఉజ్వలకు తెలుగు పోయి మరాఠీ వస్తుంది. మరాఠీలో లౌకర్ యా అంటే తొందరగా రా, తేల్ అంటే నూనె. పెరట్లో సమ్మయ్యకు అది సరిగ్గానే వినపడింది. చేతిలో బ్లేడు ఆగిపోయింది. గల్లీ మొగన ప్రమోద్ తోపుడు బండి చప్పుడు కూడా వినపడింది. అయిపోయింది, అనుకున్నాడు.

జయ గడప దాటి వచ్చింది. వంగి కారు కిందికి చూసింది. లేచి, మూడిళ్ల అవతలికి వచ్చేసిన ప్రమోద్‌ను చూసింది. తర్వాత రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని గల్లీ అదిరేలా అరిచింది.

"అయ్యో, తేలు! కారు కింద తేలు! ఎవ్వరు దగ్గరికి రాకుండ్రి!"

ఎల్లమ్మ చీపురుతో పరిగెత్తుకొచ్చింది. ఎదురింటివాళ్లు కట్టెలతో వచ్చారు. ఉజ్వల చేతులు ఊపుతూ, "తేలు గాదు అత్తమ్మా, తేల్! తేల్!" అంది. "అదే గదనే, తేలు!" అంది ఎల్లమ్మ. "నై కాకూ, తేల్!" "ఆఁ, తేలే! ఎంతుంది?" ఉజ్వల చేతులు చాపి, బండల మీద నూనె ఎంత మేర పారిందో చూపింది. మూరెడు. ఎల్లమ్మ గుండె పట్టుకుంది. ప్రమోద్ వచ్చి ఏమైందని అడిగితే అతనికి తేలు మాటను మరాఠీలో చెప్పింది కూడా ఎల్లమ్మే: "వించూ! మూరెడు వించూ!" మొదట చూసినది ఉజ్వలే, తాను చూసింది తేలని ఊరంతా అంటోంది. కాసేపటికి ఆమెకే అనుమానం వచ్చి, గబగబా వెళ్లి కుర్చీ ఎక్కి నిలబడింది.

అప్పటికి సమ్మయ్య సగం నురగ ముఖంతో వాకిట్లోకి వచ్చాడు. అందరూ ఆయనవైపు తిరిగారు. ఒక్క మాట, అది నూనె అని ఒక్క మాట చెబితే గల్లీకి భయం తీరిపోతుంది, కారు ప్రమోద్ బండెక్కిపోతుంది. ముప్పై మూడేళ్లు అబద్ధం లేకుండా పనిచేసిన మనిషి చెంప మీది నురగను అరచేత్తో తుడుచుకున్నాడు.

"పెద్దదే" అన్నాడు. "నేను గూడ సూసిన."

"తీసి సూద్దాం, నేను సూస్త" అని ప్రమోద్ వంగబోయాడు.

"వద్దు భావూ! నల్ల తేలు! పిల్లలుగల్లోనివి!" అని జయ అడ్డం నిలబడింది. ప్రమోద్ నాలుగడుగులు వెనక్కి వేశాడు. సమ్మయ్యకు ప్రాణం లేచొచ్చింది. కాని వెనక్కి వేసిన ప్రమోద్ ఊరుకోలేదు, సాయం చేద్దామని ఫోను తీశాడు. చంద్రపూర్‌లో పులి వచ్చినా ఫోను చేయడానికి అందరి దగ్గరా ఒక నంబరు ఉంటుంది. పాములు పట్టే నితిన్ పది నిమిషాల్లో మోటారుసైకిలు మీద దిగాడు. చేతిలో కొక్కెం కర్ర, మూతకు చిల్లులున్న ప్లాస్టిక్ డబ్బా, మోకాళ్ల దాకా బూట్లు. సమ్మయ్య గోడకు ఆనుకుని తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని నిలబడ్డాడు. తేలు లేకపోయినా దొంగ అయితే ఉన్నాడు.

నితిన్ వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరాడు. టార్చి వెలుగు అటూ ఇటూ తిరిగింది. కాసేపటికి అతను మెల్లగా బయటికి జరిగి లేచి కూచున్నాడు. చూపుడువేలు పైకెత్తాడు. వేలు నల్లగా, నిగనిగలాడుతోంది. వేలిని చూశాడు, సమ్మయ్య ముఖంలోకి చూశాడు, నోరు తెరవబోయాడు.

అంతలో జయ చరచరా అతని దగ్గరికి వెళ్లి, వంగి, చెవిలో మరాఠీలో ఏదో చెప్పింది. గోల్ బజార్‌లో బేరమాడే మరాఠీయే, కాని చాలా మెల్లగా. నితిన్ ఆమెను చూశాడు. ప్రమోద్‌ను చూశాడు. వేలును ప్యాంటుకు తుడుచుకున్నాడు. డబ్బా తీసుకుని మళ్లీ కారు కిందికి వెళ్లి, లోపల కర్రతో నాలుగు దెబ్బలు కొట్టి, "సాపడ్లా!" అని కేకపెట్టాడు. దొరికింది అని. బయటికి వచ్చేసరికి డబ్బా చుట్టూ తువ్వాలు కప్పి ఉంది. పిల్లలు చూపించమన్నారు. రెచ్చిపోయి ఉంది, ఇప్పుడు చూపించకూడదు, అడవిలో వదిలేస్తాను అన్నాడు.

"మూత గట్టిగ పెట్టుండ్రి" అంది ఎల్లమ్మ.

ఆ మాటకు సమ్మయ్య ముందుకొచ్చి, తువ్వాలు కింద చేయి పెట్టి, ఖాళీ డబ్బాకు మూత బిగించాడు. అలవాటు కొద్దీ ఇంకో పట్టు కూడా పట్టాడు. ప్రమోద్ నితిన్ భుజం తట్టి, తానే ఊరిని కాపాడినట్టు తోపుడు బండి తోసుకుంటూ వెళ్లాడు. వాకిట్లో మాత్రం జయ ఎవరినీ రానివ్వలేదు, తేలు తిరిగిన చోటని చెప్పి బండలన్నీ తానే బూడిద వేసి రుద్ది కడిగింది.

మధ్యాహ్నానికి ఇల్లు సద్దుమణిగింది. ఉజ్వల మంచం మీద కాళ్లు పైకి పెట్టుకునే కూరగాయలు తరుగుతోంది. సమ్మయ్య వంటింటి గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

"జయా. అది తేలు గాదు."

"ఎరుకే" అంది జయ, పప్పు ఎనుపుతూనే.

"ఎరుకనా?"

"ముప్పై ఆరేండ్ల సంది గోల్ బజార్ల తేల్ కొంటున్న. నాకు తేలుకు తేల్‌కు తేడా తెల్వదా?"

సమ్మయ్య గుమ్మం పట్టుకున్నాడు. "మరి గట్ల మొత్తుకున్నవేందే?"

"మొత్తుకోక? నూనె అన్ననంటే కారు పోవాలె. మాట అనేస్తిని, ప్రమోద్‌ను సాక్షి పెడ్తిని. తేలయితే కారెందుకు పోతది? తేలే పోతది." పప్పుగుత్తి పక్కన పెట్టింది. "సచిన్ బాపూ, ఆ మూడు నెల్లు నువ్వు గోడకు సూసుకుంట కూసుంటివి. నీకు యాదికున్నదో లేదో. నేను తిట్టినందుకే గట్లయినవని, దినాం నా పానం కొట్టుకునేది. మూడుసార్లు పిలిస్తే గాని పలుకని ఆ మనిషి నాకు వద్దు. బండలకు మరకలయితే రుద్దుకుంట. ఇగ ఇంకోటి, కారు పోతే నువ్వు మళ్ల నా పోపు డబ్బాల మీద వడ్తవు."

ఆ మూడు నెలల్లో గోడలో తనకేమీ కనపడలేదనీ, ఆమె పిలుపు మొదటిసారే వినపడేదనీ, లేవడానికి కారణం దొరక్క లేచేవాడు కాదనీ సమ్మయ్యకు చెప్పాలనిపించింది. ఆమె మీద అంత ప్రేమ ఒక్కసారిగా వచ్చేసరికి ఆ మనిషి తట్టుకోలేక, దాహం లేకపోయినా చెంబెడు నీళ్లు తాగాడు.

అప్పుడే బయట మోటారుసైకిలు ఆగింది. నితిన్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, చేతిలో ఉదయపు డబ్బా. దుర్గాపూర్ దిక్కు నిజంగా పాము వచ్చిందట, డబ్బా మూత రావడం లేదట, ముగ్గురు పట్టినా రాలేదట. సమ్మయ్య డబ్బా తీసుకుని పళ్లు బిగబట్టి తిప్పాడు. రెండో ప్రయత్నానికి వచ్చింది. నితిన్ దండం పెట్టి వెళ్లిపోయాడు.

సమ్మయ్య తన చేతిని తిప్పి చూసుకున్నాడు. తర్వాత జేబులోంచి కొత్త నట్టు తీసి జయ ముందు పెట్టాడు. చూడీలు పోయిన సంగతి, నాలుగు రోజులుగా తన చేతికి తానే భయపడుతున్న సంగతి, అన్నీ చెప్పేశాడు. జయ నట్టును అటూ ఇటూ తిప్పి చూసింది.

"చూడీలు పోయినయంటే చూడీలున్న చెయ్యే పెట్టాలె. పా."

పీట వేసుకుని కారు పక్కన కూచుంది. చెంగు నడుముకు చుట్టి, గాజుల చేయి కిందికి పెట్టింది. సమ్మయ్య పాత నట్టు తీసి, నూనె తాంబాళంలోకి దించి, పక్కన బోర్లా పడుకుని దారి చూపాడు. తన చేయి తప్ప మరో చేయి పడకూడదన్న ఇంజిన్ మీద జయ చేయి పడింది. పచ్చడి సీసా మూత తిప్పినట్టే నిదానంగా తిప్పింది. గాజులు గలగలమన్నాయి. నట్టు పట్టుకుంది, ఎక్కింది, కుదురుకుంది. ఆమె చేయి ఆపింది.

"ఇంకో పట్టు" అన్నాడు సమ్మయ్య.

"చాలు."

"ఒక్కటే జయా, ఊకె గిట్ల..."

"చాలన్న గద! కారం సరిపోయినంక ఇంకో చెంచా ఏస్తమా?"

కొత్త నూనె పోసి కింద పాత పేపరు పరిచారు. సాయంత్రం దాకా ఇద్దరూ వంతులవారీగా వంగి చూశారు. పేపరు మీద చుక్క లేదు. గురువారం ప్రమోద్ వచ్చి, తేలుకు భయపడి దూరం నుంచే వంగి చూసి, దిగులుగా వెళ్లిపోయాడు.

శుక్రవారం తెల్లారాక బయలుదేరారు. ఉజ్వల కారు సీట్లు దులిపి, వాటి కింద చూసి, అత్త చెప్పులు కూడా దులిపి పంపింది. బల్లార్షా దాటి వర్ధా వంతెన ఎక్కేదాకా జయ కొంగును పళ్లతో పట్టుకునే కూచుంది. రాజురా దాటి టేకు చెట్లు మొదలయ్యాక వదిలేసింది. కొంగు జెండాలా ఎగిరింది. "మెల్లగ" అంది మొదట. తర్వాత "ఇంకింత పో" అంది. ఆ రోజు సారు పక్కన రెండు కిలోమీటర్లు పోయినప్పటి గాలే ఇది, కాని పక్కన జయ ఉంది. ఇంత సంతోషం సమ్మయ్యకు తన పెళ్లిరోజు కూడా కలగలేదు. అదృష్టం, ఆ మాట పైకి అనలేదు.

లక్కడ్‌కోట్‌లో తిరుమల కొత్తింటి ముందు కారు ఆగితే ఊరు ఊరంతా చుట్టూ చేరింది. పాలు పొంగాయి, భోజనాలయ్యాయి. జయ చేయి కడుక్కుని వాకిట్లోకి వచ్చింది. అలికి ముగ్గేసిన కొత్త వాకిలి. కారు కింద ముగ్గు మీద రూపాయంత నల్లని చుక్క. ఆమె చూస్తుండగానే దాని పక్కన ఇంకొకటి పడింది.

జయ మెల్లగా తలతిప్పి మొగుడివైపు చూసింది. సమ్మయ్య ఆకాశంలోకి చూస్తున్నాడు.

"ఎప్పుడు పట్టినవు?"

"ఏంది?"

"ఆ ఇంకో పట్టు."

"పొద్దుగాల" అన్నాడు సమ్మయ్య, వినపడీ వినపడనట్టు. "ఇంత దూరం పోతున్నం గదా అని. ఊకె, సన్నంగ."

జయ నోరు తెరిచింది. తిట్టు ఏది మొదలుపెట్టాలో ఆమె ఇంకా తేల్చుకోకముందే, తిరుమల వక్కపొడి నములుతూ వచ్చి బావ భుజం మీద చేయి వేశాడు.

"ఏందక్కా, కిందికి సూస్తున్నవు?"

జయ తమ్ముడిని చూసింది, కొత్త వాకిలిని చూసింది, సగం ప్రాణంతో నిలబడ్డ మొగుడిని చూసింది. కొంగు సర్దుకుంది.

"ఏం లేదురా తమ్ముడూ. తేలు."

"తేలా!" తిరుమల ఎగిరి అవతల పడి కట్టె కోసం ఇంట్లోకి పరుగెత్తాడు. సమ్మయ్య గొంతు సవరించుకుని, అతని వెనకాలే కేకేశాడు.

"పెద్దదే బామ్మర్దీ! నేను గూడ సూసిన!"